పశుపోషణ నుంచి హరితగృహ వాయువులు: జంషెడ్‌పూర్ పరిసరాల్లో పరిస్థితి, తగ్గింపు మార్గాలు

జంషెడ్‌పూర్ (ఝార్ఖండ్): ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో వాతావరణ మార్పు ప్రస్తావన వస్తే అందరి దృష్టి ముందుగా బ్లాస్ట్ ఫర్నేసుల వైపు మళ్లుతుంది. ఆ నగరానికి పాలు అందించే పశువుల నుంచి వెలువడే వాయువుల గురించి చర్చ అంతగా జరగదు. నగరంలోని ఖటాళ్లలో (పశువుల కొట్టాలను ఇక్కడ ఖటాల్ అంటారు), తూర్పు సింగ్‌భూం జిల్లా గ్రామాల్లో పెరిగే ఆవులు, గేదెలు, మేకలు నెమరు వేసే క్రమంలో మీథేన్‌ను విడుదల చేస్తాయి. ఈ ఉద్గారాలను తగ్గించడం ఎలా అన్న ప్రశ్నకు సంపన్న దేశాల్లో వినిపించే సమాధానం ఇక్కడ సరిపోదు. ఒకటి రెండు ఆవులతో బతికే కుటుంబాన్ని మంద తగ్గించుకొమ్మని కోరడం సాధ్యం కాదు. ఆ పశువు తిన్న మేతలో వృథాగా పోయే భాగాన్ని తగ్గించడం, పేడ నుంచి పుట్టే వాయువును వంటింటికి మళ్లించడం మాత్రం సాధ్యమే. ఆ రెండింటిలోనూ రైతుకు లాభం ఉండటమే ఈ అంశంలో కీలకం.

మీథేన్ ఎలా పుడుతుంది?

నెమరు వేసే జంతువుల కడుపులో నాలుగు గదులు ఉంటాయి. వాటిలో పెద్దదైన మొదటి పొట్టను రూమెన్ అంటారు. మనిషి జీర్ణించుకోలేని గడ్డిలోని పీచుపదార్థాన్ని అక్కడి కోట్లాది సూక్ష్మజీవులు పులియబెట్టి, పశువుకు శక్తినిచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి. ఈ క్రమంలో హైడ్రోజన్ వెలువడుతుంది. ఆ హైడ్రోజన్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవుల వర్గం కూడా అక్కడే ఉంటుంది. ఇలా తయారైన మీథేన్‌లో అత్యధిక భాగం పశువు నోటి ద్వారా, తేన్పుల రూపంలో బయటకు వస్తుంది.

పశువు తిన్న మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం వరకు ఈ విధంగా మీథేన్ రూపంలో పోతుందని పశుపోషణ శాస్త్రవేత్తల అంచనా. నాసిరకం మేత తినే పశువుల్లో నష్టం ఎక్కువగా ఉంటుంది. అంటే గాలిలో కలిసే మీథేన్ రైతు డబ్బు పెట్టి కొన్న మేతలో కొంత భాగమే. పాలుగానో, కండగానో మారవలసిన శక్తి తేన్పుతో బయటకు పోతోంది.

రెండో మార్గం పేడ. గాలి తగలని తడి పరిస్థితుల్లో, అంటే కుంటల్లో, గుంటల్లో, మురుగు కాలువల్లో పేడ కుళ్లినప్పుడు మీథేన్ ఏర్పడుతుంది. ఎండబెట్టి పిడకలు చేసినప్పుడు, పొలంలో చల్లినప్పుడు మీథేన్ తక్కువగా వస్తుంది. అయితే పేడ, మూత్రాల్లోని నత్రజని నుంచి నైట్రస్ ఆక్సైడ్ వెలువడే అవకాశం ఉంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే నైట్రస్ ఆక్సైడ్ వేడిమి ప్రభావం 100 ఏళ్ల లెక్కన సుమారు 270 రెట్లు ఎక్కువ.

మీథేన్ ప్రభావం అదే 100 ఏళ్ల లెక్కన సుమారు 28 రెట్లు, 20 ఏళ్ల లెక్కన 80 రెట్లకు పైగా ఉంటుంది. అయితే ఇది వాతావరణంలో దాదాపు 12 ఏళ్లు మాత్రమే నిలుస్తుంది. శతాబ్దాల పాటు నిలిచే కార్బన్ డయాక్సైడ్‌కు భిన్నంగా, మీథేన్‌ను ఈరోజు తగ్గిస్తే ఫలితం ఒక తరం లోపే కనిపిస్తుంది. పశువుల ఉద్గారాలపై ప్రపంచ దేశాలు దృష్టి పెట్టడానికి ఇదే ప్రధాన కారణం.

దేశంలో, రాష్ట్రంలో లెక్కలు

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, మానవ కార్యకలాపాల వల్ల వెలువడే మొత్తం హరితగృహ వాయువుల్లో పశుపోషణ రంగం వాటా 14.5 శాతం. అదే సంస్థ 2023లో నవీకరించిన అంచనాలో ఈ వాటా సుమారు 12 శాతంగా ఉంది. మేత పంటల సాగు, అడవుల నరికివేత, రవాణా వంటివి కూడా ఇందులో కలిసి ఉన్నాయి.

భారతదేశం ఐక్యరాజ్యసమితికి సమర్పించిన మూడో ద్వైవార్షిక నివేదిక ప్రకారం, 2016లో దేశ ఉద్గారాల్లో వ్యవసాయ రంగం వాటా 14 శాతం పైచిలుకు. అందులో సగానికి పైగా, అంటే దాదాపు 55 శాతం, పశువుల జీర్ణక్రియ నుంచి వచ్చినదే. పేడ నిర్వహణ వాటా 7 శాతం లోపే ఉంది. పేడను ఎండబెట్టి పిడకలుగానో, ఎరువుగానో వాడుకోవడం మన దేశంలో అనాదిగా ఉన్న అలవాటు. ఆ వాటా తక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం.

2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, సుమారు 11 కోట్ల గేదెలు, దాదాపు 15 కోట్ల మేకలు ఉన్నాయి. ఝార్ఖండ్‌లో ఆవులు, ఎద్దుల సంఖ్య 2012లో 87 లక్షలు కాగా, 2019 నాటికి 1.12 కోట్లకు చేరింది. ఏడేళ్లలో ఇది సుమారు 28 శాతం పెరుగుదల. మేకల సంఖ్య 66 లక్షల నుంచి 91 లక్షలకు పెరిగింది. పందుల సంఖ్యలో దాదాపు 12.8 లక్షలతో అస్సాం తర్వాతి స్థానం ఝార్ఖండ్‌దే. పంది నెమరు వేయదు కనుక దాని జీర్ణక్రియ నుంచి వచ్చే మీథేన్ చాలా తక్కువ. అంతర్జాతీయ ప్రామాణిక లెక్క ప్రకారం అది ఏడాదికి సుమారు 1 కిలో మాత్రమే. అదే లెక్కలో మేకకు 5 కిలోలు.

ఒక ఆవు, ఒక టన్ను ఉక్కు

భారతీయ పశువులకు జాతీయ స్థాయి గణనలో వాడిన కొలమానాల ప్రకారం, పాలిచ్చే దేశవాళీ ఆవు ఏడాదికి సగటున 28 కిలోల మీథేన్‌ను విడుదల చేస్తుంది. సంకరజాతి పాడి ఆవు 43 కిలోలు, పాడి గేదె 50 కిలోలు విడుదల చేస్తాయి. మీథేన్ ప్రభావాన్ని 28 రెట్లుగా తీసుకుంటే, ఒక సంకరజాతి ఆవు ఏడాదికి సుమారు 1.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువును వదులుతుంది. ప్రపంచ సగటున ఒక టన్ను ముడి ఉక్కు తయారీకి దాదాపు 1.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఒక ఆవు ఏడాది ఉద్గారం ఒక టన్ను ఉక్కు ఉద్గారం కంటే తక్కువేనన్నమాట.

మరో పోలిక చూడవచ్చు. టాటా స్టీల్ సంస్థ 2021 సెప్టెంబరులో జంషెడ్‌పూర్ కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు వాయువు నుంచి రోజుకు 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసే యూనిట్‌ను ప్రారంభించింది. అది ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే 1,825 టన్నులు అవుతుంది. ఈ మొత్తం సుమారు 1,500 సంకరజాతి పాడి ఆవుల ఏడాది జీర్ణక్రియ ఉద్గారానికి సమానం. పరిశ్రమ ఉద్గారాలతో పోలిస్తే ఒక్కో పశువు నుంచి వచ్చేది స్వల్పమే. రాష్ట్రంలోని కోటికి పైగా పశువులను కలిపి చూసినప్పుడు అది విస్మరించరానిది అవుతుంది.

ఈ ప్రాంతంలో మీథేన్ కొత్త విషయం కాదు. బొగ్గు పొరల్లో చిక్కుకుని ఉండే వాయువూ ఇదే. 2022లో టాటా స్టీల్ జంషెడ్‌పూర్‌లోని ఒక బ్లాస్ట్ ఫర్నేసులోకి బొగ్గు పొరల మీథేన్‌ను పంపి, కోక్ వాడకాన్ని తగ్గించే ప్రయోగం చేపట్టింది. కర్మాగారంలో ఇంధనంగా విలువ పొందుతున్న వాయువే ఖటాల్ పక్కన మురుగు గుంటలో నుంచి వృథాగా గాలిలో కలుస్తోంది.

తక్కువ పాలిచ్చే ఆవుతో చిక్కు

దేశవాళీ ఆవు తక్కువ మీథేన్ వదులుతుంది కాబట్టి అదే మేలన్న అభిప్రాయం కలగవచ్చు. లీటరు పాల లెక్కన చూస్తే చిత్రం మారుతుంది. ఉదాహరణకు రోజుకు 3 లీటర్ల చొప్పున 300 రోజులు పాలిచ్చే దేశవాళీ ఆవు ఏడాదికి 900 లీటర్లు ఇస్తుంది. లీటరుకు 31 గ్రాముల మీథేన్ పడుతుంది. రోజుకు 8 లీటర్లు ఇచ్చే సంకరజాతి ఆవు 300 రోజుల్లో 2,400 లీటర్లు ఇస్తుంది. అక్కడ లీటరుకు 18 గ్రాములే.

పశువు ప్రాణం నిలబెట్టుకోవడానికే కొంత మేత కావాలి. ఆ మేతకు సంబంధించిన మీథేన్ పాలిచ్చినా, ఇవ్వకపోయినా వెలువడుతుంది. ఆలస్యంగా ఎదకు వచ్చే పెయ్య, రెండు ఈతల మధ్య ఏళ్ల తరబడి వట్టిపోయి ఉండే ఆవు, గాలికుంటు బారిన పడి పాలు తగ్గిన పశువు, ఇవన్నీ పాలు ఇవ్వకుండానే మీథేన్‌ను వదులుతూ ఉంటాయి.

అయితే సంకరజాతి ఆవుకు మంచి మేత, నీడ, వైద్యం తప్పనిసరి. జంషెడ్‌పూర్ వేసవి ఎండను దేశవాళీ పశువు తట్టుకున్నంతగా సంకరజాతి పశువు తట్టుకోలేదు. పల్లెల్లో ఎద్దులు దుక్కికి, బండికి ఉపయోగపడతాయి. పేడ పొలానికి ఎరువు, పొయ్యికి ఇంధనం. కష్టకాలంలో మేకను అమ్మితే చేతికి డబ్బు వస్తుంది. కాబట్టి పాల లెక్క ఒక్కదానితోనే ఇక్కడి పశువు విలువను తేల్చలేము. దీపావళి అమావాస్య రోజుల్లో ఈ ప్రాంతంలోని సంతాల్, కుడ్మీ తదితర సముదాయాలు సోహ్రాయ్, బాందనా పండుగలు జరుపుకుంటాయి. పశువులను కడిగి, కొమ్ములకు నూనె రాసి పూజించే ఈ పండుగ తెలుగువారి కనుమను గుర్తుకు తెస్తుంది. పశువుల సంఖ్యను బలవంతంగా తగ్గించే విధానాలు ఇక్కడ ఆర్థికంగానూ, సామాజికంగానూ నిలబడవు.

మేతతోనే మొదలు

ఝార్ఖండ్‌లో వర్షాధారిత వరి ప్రధాన పంట. కోతల తర్వాత పొలాలు ఎక్కువగా ఖాళీగా ఉంటాయి. పశువులకు వరిగడ్డే ఆధారం అవుతుంది. వేసవిలో పచ్చిమేత దాదాపు దొరకదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులకూ ఈ పరిస్థితి పరిచితమే. వరిగడ్డిలో మాంసకృత్తులు చాలా తక్కువ, అరగని పీచు, సిలికా ఎక్కువ. ఈ మేతపైనే ఆధారపడిన పశువులో పాలు తగ్గి, లీటరుకు పడే మీథేన్ పెరుగుతుంది. నగరంలోని ఖటాళ్లకు మేత పండించే భూమి ఉండదు కనుక గడ్డి, తవుడు, చెక్క అన్నీ కొనవలసిందే.

సమతుల దాణా: జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి సంస్థ (ఎన్‌డీడీబీ) జాతీయ డెయిరీ ప్రణాళిక తొలి దశలో, 2011-12 నుంచి 2018-19 వరకు, ఈ కార్యక్రమాన్ని పెద్దఎత్తున అమలు చేసింది. పశువు బరువు, పాల దిగుబడి, స్థానికంగా దొరికే మేతల వివరాలను కంప్యూటర్‌లో నమోదు చేసి, తక్కువ ఖర్చులో ఏది ఎంత పెట్టాలో గ్రామస్థాయి కార్యకర్త రైతుకు చెబుతాడు. లీటరు పాలకు మీథేన్ 10 నుంచి 15 శాతం వరకు తగ్గినట్లు ఎన్‌డీడీబీ అధ్యయనాలు చూపాయి. దీనికి కొత్త మందులు, యంత్రాలు అవసరం లేదు. చాలా సందర్భాల్లో ఖనిజ లవణ మిశ్రమం చేర్చడం, ఎక్కువైన దాణాను తగ్గించడం వంటి మార్పులే సరిపోతాయి. ఝార్ఖండ్‌లో ‘మేధా’ పేరుతో పాలు విక్రయించే రాష్ట్ర పాల సమాఖ్య నిర్వహణను 2014 నుంచి ఎన్‌డీడీబీయే చూస్తోంది. అందువల్ల ఈ పద్ధతిని రైతుల వద్దకు చేర్చే వేదిక రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. జంషెడ్‌పూర్‌లో బిహార్ పాల సమాఖ్యకు చెందిన ‘సుధ’ డెయిరీ కూడా పనిచేస్తోంది.

యూరియాతో వరిగడ్డి శుద్ధి: 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలుపొరలుగా చల్లి తొక్కాలి. గాలి చొరకుండా పాలిథిన్ పట్టాతో కప్పి 3 వారాలు ఉంచాలి. తర్వాత తీసి, అమ్మోనియా ఘాటు పోయేవరకు ఆరనిచ్చి పశువుకు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. దీనివల్ల గడ్డి మెత్తబడి, అరుగుదల, మాంసకృత్తుల విలువ పెరుగుతాయి. నెమరు వేయడం పూర్తిగా మొదలుకాని, ఆరు నెలల లోపు దూడలకు దీన్ని పెట్టకూడదు. యూరియాను నేరుగా, లేదా సరిగా కరగని స్థితిలో తినిపిస్తే పశువు ప్రాణానికే ప్రమాదం. మొదటిసారి చేసేవారు పశువైద్యుల సమక్షంలో చేయడం మంచిది.

పచ్చిమేత: గట్లపై నేపియర్ గడ్డి, వరి తర్వాత తేమ మిగిలిన చోట అలసంద, నీటి వసతి ఉన్నచోట బర్సీం, తొట్లలో అజొల్లా పెంచుకోవచ్చు. పప్పుజాతి మేత కలిస్తే వరిగడ్డి అరుగుదల మెరుగుపడుతుంది.

మీథేన్‌ను అణచే దాణా మిశ్రమాలు: బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ‘హరిత్ ధార’ అనే మిశ్రమాన్ని రూపొందించింది. టానిన్లు అధికంగా ఉండే మొక్కల నుంచి తయారైన ఈ మిశ్రమం మీథేన్‌ను 17 నుంచి 20 శాతం వరకు తగ్గిస్తుందని ఆ సంస్థ పేర్కొంది. విదేశాల్లో 3-నైట్రోఆక్సీప్రొపనాల్ అనే రసాయనం పాడి ఆవుల్లో మీథేన్‌ను సుమారు 30 శాతం తగ్గించినట్లు పరీక్షల్లో తేలింది. యూరోపియన్ యూనియన్ 2022లో, అమెరికా 2024లో దాని వాడకానికి మార్గం సుగమం చేశాయి. ఆస్పరాగాప్సిస్ అనే ఎర్ర సముద్రపు నాచుపైనా పరిశోధనలు సాగుతున్నాయి. అయితే ఇటువంటి పదార్థాలను ప్రతిరోజూ దాణాలో కలపాలి. మేతకు వదిలిన పశువులకు అది కష్టం. పైగా పాలు పెరగకపోతే ఆ ఖర్చును రైతు భరించే అవకాశం తక్కువ. ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు సమాధానం దొరికే వరకు, సమతుల దాణా వంటి మార్గాలకే ప్రాధాన్యం దక్కుతుంది.

ఆరోగ్యం, సంతానోత్పత్తి

గాలికుంటు, బ్రుసెల్లోసిస్ వ్యాధుల నివారణకు జాతీయ కార్యక్రమం 2019 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2014లో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద దేశవాళీ జాతుల అభివృద్ధి, కృత్రిమ గర్భధారణ సాగుతున్నాయి. లింగ నిర్ధారిత వీర్యం వాడితే దాదాపు 90 శాతం మేర పెయ్యదూడలే పుట్టే అవకాశం ఉంది. ట్రాక్టర్లు వచ్చి ఎద్దుల అవసరం తగ్గిన చోట, పోషించలేక వదిలేసే కోడెదూడల సంఖ్య దీనివల్ల తగ్గుతుంది. సకాలంలో ఎదను గుర్తించడం, ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు తిరిగి ఈనేలా చూడటం, పొదుగువాపును తొలిదశలోనే నివారించడం వంటివి వాతావరణ చర్యలుగా కనిపించకపోవచ్చు. కానీ అదే పాలను తక్కువ పశువులతో పొందేందుకు ఇవే ఆధారం.

పేడ నుంచి వంటగ్యాస్

మన దేశంలో పేడ వాయువుపై తొలి ప్రయోగాలు 1939 ప్రాంతంలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జరిగాయి. ఒక ఘనపు మీటరు వాయువుకు రోజుకు సుమారు 25 కిలోల పేడ, అంతే నీరు కావాలి. ఆ వాయువు దాదాపు 0.43 కిలోల ఎల్‌పీజీకి సమానం. ఒక పశువు రోజుకు 10 కిలోల పేడ వేస్తుందనుకుంటే, ఐదు పశువులున్న ఇంటికి 2 ఘనపు మీటర్ల ప్లాంటు సరిపోతుంది. నెలకు సుమారు 26 కిలోల ఎల్‌పీజీకి, అంటే రెండు సిలిండర్లకు కొద్దిగా తక్కువ ఇంధనం దక్కుతుంది. ఇరవై పశువులున్న ఖటాల్‌లో రోజుకు 8 ఘనపు మీటర్ల వాయువు వస్తుంది.

బయటకు వచ్చే స్లర్రీలో నత్రజని, భాస్వరం నిలిచి ఉంటాయి. నగరంలో పొలం లేనివారికి ఈ స్లర్రీయే సమస్య. గుజరాత్‌లోని ఆనంద్ జిల్లా జకరియాపురా గ్రామంలో ఎన్‌డీడీబీ ప్రోత్సాహంతో ఏర్పడిన మహిళల సహకార సంఘం ఇళ్ల నుంచి స్లర్రీని కొని, ఎరువుగా మార్చి విక్రయిస్తోంది. పాల సేకరణ మాదిరిగానే పేడకూ సేకరణ వ్యవస్థ ఉంటే ఖటాల్ యజమానికి అది భారం కాదని ఈ నమూనా తెలుపుతోంది. బనాస్‌కాంఠా జిల్లాలో పేడ నుంచి వాహనాలకు వాడే బయో సీఎన్‌జీ తయారవుతోంది. 2018లో కేంద్రం ప్రారంభించిన గోబర్‌ధన్ పథకం ఇటువంటి ప్లాంట్లకు ఊతమిస్తోంది.

ఇందులోనూ జాగ్రత్త అవసరం. వాయువులో 55 నుంచి 60 శాతం మీథేనే కనుక, గొట్టాల్లోనో, గుమ్మటంలోనో లీకు ఉంటే మేలు కంటే కీడే జరుగుతుంది. మరమ్మతు చేసేవారు అందుబాటులో లేక ఏటా కొంతకాలం మూలపడే ప్లాంటు వల్ల ఫలితం ఉండదు. చలికాలంలో వాయువు ఉత్పత్తి తగ్గుతుందన్న విషయాన్ని కూడా ముందే లెక్కలోకి తీసుకోవాలి.

విధానపరమైన ప్రశ్న

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ఆరంభమైన అంతర్జాతీయ మీథేన్ ప్రతిజ్ఞ, 2020తో పోలిస్తే 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. భారత్ అందులో చేరలేదు. పశుపోషణ, వరి సాగు చిన్న రైతుల జీవనాధారాలని, వాటిని విలాస ఉద్గారాలతో సమానంగా చూడరాదని భారత్ వైఖరి.

ఆ వైఖరికి బలమైన ఆధారం ఉన్నప్పటికీ, లీటరుకు పడే మీథేన్ తగ్గినంత మాత్రాన మొత్తం ఉద్గారం తగ్గదన్న వాస్తవాన్ని గమనించాలి. లీటరు లెక్కన 15 శాతం తగ్గినా, పాల ఉత్పత్తి 28 శాతం పెరిగితే మొత్తం ఉద్గారం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఝార్ఖండ్ ప్రభుత్వం ముఖ్యమంత్రి పశుధన్ వికాస్ యోజన కింద ఆవులు, మేకలు, పందులు, కోళ్ల పెంపకానికి రాయితీ ఇస్తోంది. పేద కుటుంబాలకు ఆదాయం కల్పించే ఇటువంటి పథకంలో పశువుతో పాటు మేత విత్తనం, ఖనిజ లవణ మిశ్రమం, టీకా, పేడ వాయువు ప్లాంటు కూడా కలిస్తే, పశువు ఇంటికి చేరిన మొదటి రోజు నుంచే మేత నష్టాన్ని అదుపు చేయవచ్చు.

పశుపోషకుడు తన ఆవు ఎంత మీథేన్ వదులుతోందో కొలవలేడు. ఎంత మేత పెడితే ఎన్ని పాలు వచ్చాయో, రెండు ఈతల మధ్య ఎన్ని నెలలు గడిచాయో, పేడ ఎటు పోతోందో మాత్రం రోజూ చూస్తూనే ఉంటాడు. ఈ మూడింటిలో మెరుగుదల కనిపిస్తే, లీటరు పాలకు పడే ఉద్గారం కూడా తగ్గుతున్నట్లే.